క్వార్టర్‌బ్యాక్‌కి మేమిచ్చిన సలహాలు

పోయిన నెల నరేందర్ న్యూకాసిల్ నుంచి మా ఇంటికి వచ్చాడు. అక్కడొక ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం చూస్తున్నాడు. చేతి కింద పన్నెండు మంది ఉన్నారట, బొజ్జ కూడా హోదాకి తగ్గట్టే ఉంది. స్లౌలో మా వంటింటి పై అరలో ఉన్న కందిపప్పు డబ్బా అందుకోమన్నాను. వాడి కుడిచెయ్యి భుజం దాకా లేచి అక్కడ ఆగిపోయింది. "అబ్బా" అని భుజం పట్టుకున్నాడు. మా అమ్మాయి "వాట్ హాపెన్డ్, అంకుల్?" అని అడిగింది. "ఏం లేదు బిడ్డా, పాత నొప్పి. మీ నాయిన మాటలిని ఇసిరిన బంతులు" అన్నాడు. అమ్మాయి నా వంక ఎగాదిగా చూసింది. పదో తరగతి రెండుసార్లు తప్పి దోసెల పెనం దగ్గర తేలిన మనిషిని. ఇలాంటివాణ్ణి ఎవరికి ఏ ఆటలో ఏం మాటలు చెప్పి ఉంటానన్నది దాని అనుమానం. అనుమానం న్యాయమైనదే. దాన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పబోతే రెండో నిమిషంలో ఫోన్ చూసుకుంది. కనక కాగితానికి చెబుతున్నాను. కాగితానికి ఫోన్ లేదు.

అప్పట్లో నేను లండన్ విమానాశ్రయం పక్కనున్న హేస్‌లో ఉండేవాణ్ణి. ఒక దక్షిణాది హోటల్‌లో దోసెల మాస్టర్‌ని. మూడు పడగ్గదుల ఇంట్లో ఏడుగురం. నేను తప్ప అందరూ మాస్టర్స్ చదివే కుర్రాళ్ళు. వాళ్ళ మాస్టర్స్ కాగితాల మీద, నా మాస్టర్ పని పెనం మీద. విమానాలు ఎంత కిందుగా పోయేవంటే, పోపు వేస్తున్నప్పుడు ఒకటి వచ్చిందా, ఆవాలు చిటపటలాడాయో లేదో వినపడేది కాదు, వాసన పట్టి మూకుడు దించాలి. రేడియేటర్ల మీద మేజోళ్ళు ఆరుతుండేవి. ఆ తడి మేజోళ్ళ వాసన, ఇంగువ వాసన, పాత కార్పెట్ వాసన మూడూ కలిసి మా ఇంటికి ఒక గుర్తింపు కార్డులాగా ఉండేవి. బస్సులో ఎవరైనా పక్కన కూర్చుంటే "మీరు బాబ్జీ అన్న ఇంట్లో ఉంటారా?" అని మా కుర్రాళ్ళని అడిగేవారు. బాబ్జీ అంటే నేనే.

ఆ ఇల్లు వీర్రాజు అంకుల్‌ది. కింద ముందుగది ఆయన ఉంచుకుని మిగతాది మాకిచ్చాడు. అమలాపురం దగ్గరి మనిషి, పాతికేళ్ళుగా విమానాశ్రయంలో సామాన్ల ట్రాలీలు పోగుచేయించే సూపర్‌వైజరు. మెరిసే పసుపుపచ్చ కోటు ఒకటి ఉండేది. డ్యూటీకే కాదు, పాలకి వెళ్ళినా అదే, పెళ్ళికి వెళ్ళినా అదే. పొద్దున్నే ఆయన పుక్కిలిస్తే వీధిలో నలుగురు తెల్లవాళ్ళు గడియారాలు సరిచేసుకునేవారు. నేను పోపు వేసినప్పుడల్లా పొగ అలారం కూసేది. ఆయన వెంటనే తువ్వాలు పట్టుకుని వచ్చి, ఉత్సవంలో దేవుడికి వీస్తున్నంత భక్తిగా దాని కింద వీచేవాడు. అది ఆగగానే "పప్పేనా? ఆయ్, కానీ" అని వెళ్ళిపోయేవాడు. గొంతు మాత్రం గొప్పది. టెర్మినల్ ఆ చివర ఉన్న ట్రాలీ కుర్రాణ్ణి ఈ చివర నుంచి పిలిచి పిలిచి తయారైన గొంతు. ఈ కథలో సగం నేరం ఆ గొంతుది. మిగతా సగం నాది.

నరేందర్ వరంగల్ నుంచి వచ్చాడు. ఆరడుగులు, మాట తక్కువ. వారంలో మూడు రోజులు క్లాసులు, నాలుగు రోజులు గోడౌన్‌లో అట్టపెట్టెలు సర్దడం. ఒక ఆదివారం మేం పార్కులో క్రికెట్ ఆడుతుంటే పక్కన ఇనప టోపీల్లాంటివి పెట్టుకున్న మనుషులు ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటున్నారు. వాళ్ళ బంతి, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దొర్లుకుంటూ మా వైపు వచ్చింది. నరేందర్ దాన్ని తీసి బౌండరీ నుంచి వికెట్లకి విసిరినట్టు విసిరాడు. అది గాలిలో వంకర తిరక్కుండా, తాడు కట్టి లాగినట్టు, అరవై గజాలు పోయి ఒక పెద్దాయన గుండెల మీద ఠప్పున తగిలింది. ఆ పెద్దాయన డెరిక్, రిటైరైన బస్సు డ్రైవరు, వాళ్ళ కోచ్. మేం పారిపోవడానికి బ్యాట్లు సర్దుకుంటున్నాం. ఆయన గుండె రుద్దుకుంటూ వచ్చి "ఎవరు విసిరారు?" అని అడిగాడు. ఆరుగురం ఏకగ్రీవంగా నరేందర్‌ని చూపించాం. స్నేహమంటే అది.

అది అమెరికావాళ్ళ ఫుట్‌బాల్. పేరులో కాలుంది గానీ పనంతా చేతులదే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు, చివరి గీత దాటితే టచ్‌డౌన్. ఇందులో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. బంతి ముందు వాడి చేతికే వస్తుంది. ఎదుటి జట్టులో పోతపోసిన మనుషులు వాణ్ణి నేలకి పరచడానికి వస్తుంటారు. ఈలోగా, సుమారు మూడు సెకన్లలో, మనవాళ్ళలో ఎవడు ఖాళీగా ఉన్నాడో చూసి వాడికి విసరాలి. శనివారం సాయంత్రం దోసెల పెనం దగ్గర నిలబడటమే ఇది. మూడు ఆర్డర్లు ఒకేసారి వస్తాయి, పెనం మీద ఒకటి మాడుతుంటుంది, ఏది ఎటు పంపాలో మనమే తేల్చాలి. డెరిక్ జట్టు పేరు హేస్ హెరాన్స్. హెరాన్ అంటే కొంగట. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, ఒక ప్లంబరు, స్పెయిన్‌కి మకాం మార్చేశాడు. కొంగలకి నరేందర్ దొరికాడు.

మొదటి రెండు ఆటలకి మేం వెళ్ళలేదు, అందరికీ డ్యూటీలున్నాయి. రెండూ గెలిచారు. వాడు ఇంటికొచ్చి బురద బట్టలు బకెట్లో వేస్తూ "గెలిచినమన్నా" అని నెమ్మదిగా చెప్పాడు. మేం గర్వంతో ఉబ్బిపోయాం. డ్యూటీల పట్టీలో నా ఆదివారాలు తోటి వంటవాడికి అంటగట్టి, మూడో ఆటకి ఇల్లంతా కదిలాం. ఇడ్లీ డబ్బా, ఫ్లాస్కు నిండా టీ, అంకుల్ పసుపు కోటు. ఆ ఆట ఓడిపోయారు. నాలుగోదానికి హేస్‌లో తెలుగువాళ్ళందరికీ కబురందింది, ఓడిపోయారు. ఐదోదానికి స్లౌ నుంచి ముగ్గురు ఆంటీలు పులిహోర తెచ్చారు, ఘోరంగా ఓడిపోయారు. లెక్క చూసుకుంటే కారణం గుడ్డివాడికి కూడా కనపడాలి. మాకు కళ్ళుండటం వల్ల కనపడలేదు.

గ్రౌండ్‌కి గోడలూ గ్యాలరీలూ లేవు. తాడు కట్టి ఉంటుంది, తాడు ఇవతల మనం, అవతల ఆట. మధ్యలో నాలుగడుగులు. అంకుల్ మొదలుపెట్టేవాడు. "ఒరేయ్ నరేందరూ! ఎడం పక్క ఖాళీరా! ఎడం పక్కకి ఎయ్యి!" వాడు ఎడమకి వేసేవాడు. ఎదుటి జట్టువాడు ఒకడు వచ్చి, దుకాణంలో కొనుక్కున్నంత దర్జాగా బంతి పట్టుకుపోయేవాడు. "ఇదేంట్రా బాబ్జీ! మనోళ్ళకి ఇమ్మంటే ఆళ్ళకి ఇత్తన్నాడు! పెళ్ళికొచ్చినోళ్ళకి తాంబూలం ఇచ్చినట్టు ఎదురెళ్ళి ఇత్తన్నాడు!" అని అంకుల్ నెత్తి కొట్టుకునేవాడు. నేను ఊరుకుంటానా? "అంకుల్, మనవాడు గోడౌన్‌లో పనిచేస్తాడు కదండీ, ఏ పార్సిల్ అయినా వేరే అడ్రసుకి పంపడం అలవాటు" అనేవాణ్ణి. జనం గొల్లుమనేవారు. నవ్వు వచ్చిందంటే నాకు ఆకలి తీరదు, ఇంకోటి వేయాలి. "కొంగల జట్టు కదా, ఒంటికాలి మీద నిలబడి జపం చేస్తున్నాడు, కదిలించకండి!" "ఒరేయ్, బంతిని పట్టుకో, మొహమాటపడకు, అది నీ అత్తగారు కాదు!" ఆంటీలు కూడా తగ్గలేదు. ఒకావిడ "పరిగెత్తు నాన్నా!" అంటే ఇంకొకావిడ "పరిగెత్తకు, పడతావ్!" అనేది. వాడు రెండూ చేసేవాడు. పరిగెత్తి పడేవాడు.

ఏడో ఆట కూడా ఓడేసరికి మా సహనం చచ్చింది. "ఆ బెన్ అనే కుర్రాణ్ణి దింపితే తప్ప లాభం లేదు. మనోడే కావచ్చు, ఆటంటే ఆటే" అని అంకుల్ తీర్పు చెప్పేశాడు. బెన్ రెండో క్వార్టర్‌బ్యాక్, అప్పటిదాకా నీళ్ళ సీసాలు అందించేవాడు. ఆ సాయంత్రం వంటింట్లో నేను నరేందర్ వేషం కట్టాను. నెత్తిన అల్యూమినియం గిన్నె బోర్లించుకుని, చేతిలో వంకాయ పట్టుకుని, అటు చూసి, ఇటు చూసి, కళ్ళు తేలేసి, చివరికి వంకాయని వినయంగా ఫ్రిజ్‌కి సమర్పించుకున్నాను. కుర్రాళ్ళు నేలమీద పడి దొర్లారు. అంకుల్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. గిన్నె తీసి చూస్తే గుమ్మంలో నరేందర్. వాడూ నవ్వాడు. అందరికంటే ఒక సెకను ఎక్కువే నవ్వాడు. తర్వాత కంచం పెట్టుకుని, రోజూ మూడుసార్లు అన్నం వడ్డించుకునేవాడు ఒక్కసారితో లేచిపోయాడు. కంచాలు కడిగేటప్పుడు మిగిలిన అన్నం చూశాను. వంటవాడికి జనం ఏమనుకుంటున్నారో తెలిసేది కంచాల్లోనే.

ఆ వారం మధ్యలో డెరిక్ మా హోటల్‌కి వచ్చాడు. దోసె తిన్నాడు, మెచ్చుకున్నాడు, సంచిలోంచి మా ఆటల్ని పట్టిన చిన్న వీడియో కెమెరా తీసి నా ముందు పెట్టాడు. ఆయన ఇంగ్లీషులో అన్నది నేను నా తెలుగులో చెబుతున్నాను. "ఆట చూడకు. కుర్రాడి తల చూడు." చూశాను. బంతి చేతికి రాగానే నరేందర్ తల కుడికి తిరుగుతోంది, కోచ్ చెప్పిన వైపు. అప్పుడు బొమ్మ బయట నుంచి ఒక అరుపు. అంకుల్‌ది. తల ఠక్కున మా వైపు తిరిగింది. రెండో అరుపు, నాది. తల కొంచెం ఊగింది, ఎడమకి వేశాడు, పోయింది. మళ్ళీ ఇంకోటి. అరుపు, తల, బంతి పోయింది. డెరిక్ పన్నెండుసార్లు చూపించాడు. "మీరేం అరుస్తారు?" అని అడిగాడు. చెప్పాను. తెలుగులో అంత జోరుగా ఉన్నది ఇంగ్లీషులోకి వచ్చేసరికి సిగ్గుచేటుగా ఉంది. ఆయన కాఫీ చప్పరించి, "అంటే ఇన్నాళ్ళూ ఆ జట్టుకి కోచ్‌ని నేను కాదన్నమాట" అన్నాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "వచ్చే ఆదివారం ఆఖరి అవకాశం. మళ్ళీ తల తిరిగితే బెన్ ఆడతాడు, నీ కుర్రాడు బెంచీ మీద కూర్చుంటాడు." ఆయన వెళ్ళాక పెనం మీద దోసె మాడింది. మా వంటింట్లో నేను పెట్టిన రూలు ఒకటుంది. పెనం దగ్గరున్నవాడికి ఆర్డరు ఒక్క నోరే చెప్పాలి, రెండో నోరు లేస్తే అట్లకాడ తిరగేస్తాను. ఆ రూలు నేనే పెట్టాను.

ఇంటికి వచ్చి, గిన్నెలు తోముతున్న నరేందర్ పక్కన నిలబడ్డాను.

"ఒరేయ్, మేం అరిస్తే నువ్వెందుకురా వింటావు? అరవడం మా పని. వినడం నీ పని కాదు కదా?"

"గట్లెట్లనే అన్నా? పెద్దమనిషి పిలుస్తుండు. పలుకకుంటె మంచిగుంటదా?" అని వాడు గిన్నె మీద నుంచి కళ్ళెత్తలేదు. "టోపీ లోపల్నుంచి 'ఆఁ అంకుల్' అంట. మీకు ఇనవడది."

"ఆఁ అంకుల్ అంటావా! వాళ్ళు మీదకొస్తుంటే!"

"అలవాటన్నా. ఇంట్ల మా తాత పిలిస్తే మూడు సార్లు పిలిపించుకునుడు లేదు. ఇగ నువ్వు... నీ చేతి అన్నం తింటున్న. నువ్వు ఎడమకెయ్యి అంటె ఎట్ల ఎయ్యకుంట?"

పదేళ్ళుగా నేను చెప్పిన మాట ఒక్కటి కూడా ఎవరూ వినలేదు. విన్నవాడు ఒక్కడు దొరికితే వాణ్ణి ముంచాను.

"కోచ్ బెన్‌ని దింపుతానంటున్నాడు" అన్నాను.

"ఎరికే." వాడు నీళ్ళు కట్టేశాడు. "గోడౌన్ల నన్ను బ్యాడ్జి నంబరుతోటి పిలుస్తరన్నా. క్లాసుల వెనక కూసుంట, సారుకు నా పేరే తెల్వది. ఆదివారం ఆ టోపీ పెట్టుకున్నంక పదిమంది 'నరేందర్, నరేందర్' అంటరు. మీరు తిడితె గూడ నా పేరుతోటే తిడుతరు. గది పోతె..." అని గిన్నె బోర్లించాడు.

"అయితే మేం రావడం మానేస్తాం."

"వద్దే! రాకుంటె ఇంక అన్యాయం. రాండ్రి. గని..." ఆ "గని" తర్వాత మాట వాడు పూర్తిచేయలేదు. చెయ్యడు కూడా. నోళ్ళు మూసుకోండని పెద్దవాళ్ళతో చెప్పడం వాడి చేతకాదు.

ఇవాళ్టి పిల్లలకి ఇదంతా అర్థం కాదు. మా అమ్మాయి కూడా స్కూల్లో ఫుట్‌బాల్ ఆడుతుంది, మామూలు కాలి ఫుట్‌బాల్. గీత దగ్గర నేను నోరు తెరిచానంటే ఆట మధ్యలో ఆగి "డాడ్, షష్!" అంటుంది, అందరి ముందూ. మొదటిసారి నాకు రోషం వచ్చింది. వంటింట్లోంచి పిలిస్తే మూడో పిలుపుకి కూడా చెవుల్లోంచి ఆ తెల్ల గొట్టాలు తియ్యదు. మా రోజుల్లో అయితేనా, అని మొదలుపెడతాను, అక్కడే ఆగుతాను. మా రోజుల్లో ఒకడు పిలిచిన ప్రతివాడికీ పలికాడు, ఐదు ఆటలు వరసగా ఓడిపోయాడు. అది షష్ అంటుంది, గోలు కొడుతుంది. మర్యాద గొప్పదా గోలు గొప్పదా అంటే, ఇప్పటికీ నేను మర్యాద వైపే. కానీ గోలు పడితే ఎగురుతాను.

సరే, ముప్ఫై మంది తెలుగువాళ్ళ నోళ్ళు మూయించాలి. బతిమాలితే మూతపడే నోళ్ళు కావవి. నాలుగు మాటలు మాట్లాడటానికే వచ్చిన జనం. నాకు తెలిసిన విద్య ఒక్కటే, దాన్నే నమ్ముకున్నాను. శనివారం హోటల్ గ్రైండర్‌లో మినప్పప్పు వేయించి విసిరాను, బెల్లం కలిపాను, సున్నుండలు చుట్టాను. మా అమ్మ చుట్టే సున్నుండ నోట్లో వేసుకుంటే నెయ్యి కారి జారిపోతుంది. నేను నెయ్యి సగానికి సగం తగ్గించాను. సైజు నిమ్మకాయంత పెంచాను. అటువంటి సున్నుండ అంగిట్లో అతుక్కుందంటే మనిషి రెండు నిమిషాలపాటు దేవుడికి తప్ప ఎవరికీ మొర పెట్టుకోలేడు. వంటవాడిగా నా జీవితంలో కావాలని చెడగొట్టిన వంట అదొక్కటే. అంతకంటే బాగా కుదిరిన వంట కూడా ఇంకోటి లేదు.

చిక్కల్లా అంకుల్‌తో. "నాకు షుగరుందిరా, ఈ ఉండలు నాకొద్దు" అన్నాడు. ముప్ఫై నోళ్ళకి సమానమైన నోరు ఖాళీగా ఉండిపోయింది. డెరిక్‌తో మాట్లాడాను. ఆ ఆటలో గీత పక్కన ఒకరు పొడుగు కర్ర పట్టుకుని, బంతి ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు చూపిస్తూ నడవాలి. సొంతగడ్డ మీద ఆడే జట్టు మనిషే పట్టుకోవాలి, ఎవరి పక్షానా నోరెత్తకూడదు, అది రూలు. "అంకుల్, చాలా బాధ్యత గల ఉద్యోగం. నమ్మకమైన మనిషి కావాలంట, మీ పేరు చెప్పాను" అన్నాను. ఆయన పసుపు కోటు గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. "ఆయ్. డ్యూటీలో ఉన్నప్పుడు నేను మాటాడనండి. ఎవరినైనా అడుగు" అన్నాడు. మాటాడనండి అన్నది నన్నుద్దేశించి కాదు, ఆ కర్రని ఉద్దేశించి.

ఆదివారం పొద్దుటినుంచి సన్నటి తుంపర. నేను బేసిన్ పట్టుకుని తాడు వెంబడి తిరిగాను. కొంగలు బంతి అందుకోబోతున్నాయంటే చాలు, "తీసుకోండి, తీసుకోండి, మా అమ్మగారి చేతి లెక్క" అని ఒక్కొక్కరి నోట్లో నేనే పెట్టాను. అమ్మ నన్ను క్షమించాలి. ఎదుటివాళ్ళ బంతి అయితే విరామం, అరుచుకోనిచ్చాను. ఒక ఆంటీ "ఊఁ, ఊఁఊఁ!" అని చేతులతో ఏదో వ్యూహం చెప్పబోయింది. ఇంకో సున్నుండ పెట్టాను. మైదానం ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, తెల్లవాళ్ళు నలుగురు మమ్మల్ని చూసి ఎవరైనా పోయారేమోనని టోపీలు తీశారు. నరేందర్ తల మొదట్లో అలవాటుగా మా వైపు తిరిగేది, ఏమీ వినపడక మళ్ళీ వెనక్కి పోయేది. పోయినప్పుడల్లా బంతి మనవాడికే చేరింది. అంకుల్ కర్ర పట్టుకుని, పెదవులు బిగించి, బంతి ముందుకి పోయినప్పుడల్లా చెంపలు రెండూ పొంగించుకుని నడిచాడు. ఆ చెంపల్లో ఎన్ని మాటలున్నాయో ఆయనకే తెలియాలి.

ఆఖరి నిమిషం వచ్చింది. చివరి గీత పదిహేను గజాల్లో ఉంది. ఇంకొక్క బంతి, దాటితే గెలుపు, దాటకపోతే బెన్. చుట్టూ చూశాను. అన్ని నోళ్ళూ నిండి ఉన్నాయి. బేసిన్‌లో పిండి మాత్రం మిగిలింది. ఖాళీగా ఉన్న నోరు ఒక్కటే, నాది. బంతి నరేందర్ చేతికి వచ్చింది. అదిగో, ఎడమ పక్క మూలలో మన పొడుగు కుర్రాడు ఒంటరిగా రెండు చేతులూ ఊపుతున్నాడు. చుట్టూ పదడుగుల దాకా ఎవరూ లేరు. 'ఎడమకెయ్యిరా' అన్న మాట నా కడుపులో పుట్టి, గుండెల మీదుగా గొంతులోకి వచ్చి కూర్చుంది. సరిగ్గా అప్పుడే నరేందర్ తల మా వైపు తిరిగింది. నా వైపే. నేను చెబుతానని చూస్తున్నాడు. నా ముఖం మీద ఒక్క కనుబొమ కూడా కుదురుగా నిలవదు కదా, నోరు మూసినా ముఖం చెప్పేస్తుంది. వీపు తిప్పేశాను. కార్ పార్కు వైపు తిరిగి నిలబడ్డాను. ఎదురుగా ఒక వ్యాను, దానికింద తడవకుండా దాక్కున్న ఒక కుక్క. ఆ కుక్కా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. వెనక టోపీలు గుద్దుకున్న చప్పుడు. తర్వాత పాతికేళ్ళ ట్రాలీల గొంతు రూలూ గీలూ తెంచుకుని, "ఏసేసేడ్రోయ్! మనోడికే ఏసేసేడ్రోయ్!" అంది. కర్ర కిందపడ్డ చప్పుడు వినపడింది.

కుడి పక్కకి వేశాడట, కోచ్ చెప్పిన వైపు. ఎడమ పక్క అంత ఖాళీగా కనపడింది ఎదుటి జట్టువాళ్ళు పెట్టిన ఎర అని డెరిక్ తర్వాత చెప్పాడు. వాళ్ళవాడొకడు వెనకే పొంచి ఉన్నాడట. గొంతులో కూర్చున్న మాట అప్పటికి దిగిపోయింది, ఇవాళ్టిదాకా బయటికి రాలేదు.

జనం తాడు దాటి పరిగెత్తారు. సున్నుండలు మింగీ మింగకుండా అరుస్తుంటే ఎవరి మాటా ఎవరికీ తెలియలేదు. నరేందర్ టోపీ తీసి, భుజాల మీద చేతులు వేసినవాళ్ళందరినీ తప్పించుకుని, కోచ్‌ని కూడా దాటి, సూటిగా నా దగ్గరికి వచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అన్నా, ఎందుకే అటు మళ్ళినవ్? నా మీద కోపమొచ్చిందా?"

బేసిన్‌లో మిగిలిన పిండి దులిపాను.

"కోపమేంట్రా. ఎండ కళ్ళల్లో పడుతుంటేనూ."

వాడు తలెత్తి ఆకాశం వైపు చూశాడు. వాన చినుకులు వాడి ముఖం మీద పడి గడ్డం దాకా జారాయి. తుడుచుకున్నాడు.

"ఔ అన్నా," అన్నాడు, "ఇయ్యాల ఎండ గట్టిగనే ఉన్నది."